ఉల్లి తీపెక్కే ఊరు

జామ్ అనగానే స్ట్రాబెర్రీనో, మామిడో, మిక్స్‌డ్ ఫ్రూటో గుర్తొస్తాయి. బడికెళ్లే పిల్లలకు బ్రెడ్డు మీద రాసిచ్చేదే జామ్. మరి దాన్ని ఉల్లిపాయలతో చేస్తే? ముఖం చిట్లించే ముందు ఒక్కసారి ఇటలీ మ్యాపు ముందేసుకోండి. ఆ దేశం బూటు ఆకారంలో ఉంటుందని అందరం చిన్నప్పుడు చదువుకున్నదే. ఆ బూటు ముందు కొస, అంటే కాలివేళ్లుండే చోటు, కలాబ్రియా రాష్ట్రం. అక్కడ సముద్రం ఒడ్డున కొండ అంచుకు అతుక్కుని ఉంటుంది త్రొపేయా. ఆ ఊళ్లో ఉల్లిపాయ జామ్ తినని ఇల్లు కనబడదు. జామే కాదు, ఉల్లిపాయ ఐస్‌క్రీమ్ కూడా అమ్ముతారు. వెనిలా, పిస్తా డబ్బాల పక్కనే లేత గులాబీ రంగులో అదీ ఉంటుంది. నవ్వుతూనే కొంటారు, నాలుక మీద పెట్టుకున్నాక నవ్వడం మానేస్తారు.

ఊరి నడిబొడ్డున కోర్సో విట్టోరియో ఎమాన్యుయేలే అనే వీధి. మన ఊళ్లలో మెయిన్ రోడ్డు లాంటిదే, కాకపోతే నలుగురు పక్కపక్కన నడిస్తే నిండిపోతుంది. రెండువైపులా దుకాణాలు. ప్రతి గుమ్మానికీ ఎర్ర ఉల్లిపాయల జడలు వేలాడుతుంటాయి. నిజంగా జడలే... ఎండిన కాడలను మూడు పాయలుగా అల్లి, పాయకో ఉల్లిగడ్డ వచ్చేలా కూరుస్తారు. మనింట్లో గుమ్మానికి మామిడి తోరణం కట్టినట్టు అక్కడ ఉల్లి తోరణం. వాటి కింద బల్లల మీద చిన్న చిన్న గాజు సీసాలు. లోపల ముదురు ఎరుపులో, దానిమ్మ రసానికీ చెరకు పానకానికీ మధ్యరకంగా మెరుస్తూ ఉల్లి జామ్. పక్కనే ఒక పళ్లెంలో రొట్టె ముక్కలు, ఒక చెంచా. రుచి చూసి కొనుక్కోమని ఆహ్వానం.

రెండు బాంబులు, ఒక గుడి

రోమ్ నుంచి త్రొపేయాకు రైల్లో అయిదారు గంటలు. విమానంలో వచ్చేవాళ్లు లమేజియా తెర్మే విమానాశ్రయంలో దిగి, అక్కణ్నుంచి ఒడ్డు వెంబడి నడిచే రైలెక్కుతారు. దాదాపు అరవై కిలోమీటర్ల దూరం. ఒకవైపు కొండలు, ఇంకోవైపు నీలం, ఆకుపచ్చ కలిసిన నీళ్లు. ఈ తీరానికి 'దేవతల తీరం' అని పేరు. ఊరిని హెర్క్యులస్ కట్టాడని స్థానికుల కథ. ప్రతి పాత ఊరికీ ఒక భీముడో అర్జునుడో వచ్చి వెళ్లినట్టు చెప్పుకోవడం మనకు కొత్తేం కాదుగా!

వీధి చివరికి నడిస్తే ఉన్నట్టుండి నేల ఆగిపోతుంది. ఇనుప కటకటాలు, వాటి అవతల నిట్టనిలువు కొండ, కింద తెల్లటి ఇసుక. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద రాతిగుట్ట, దాని నెత్తిన శాంతా మరియా దెల్లీసోలా గుడి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు దూరాన స్ట్రోంబోలి అగ్నిపర్వతం ముక్కోణంలా కనిపిస్తుంది. ఊళ్లోని పాత ప్రధాన చర్చిలో ఇంకో వింత ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల నుంచి పడీ పేలని రెండు బాంబుల్ని గుమ్మం దగ్గరే ఉంచారు. అమ్మవారే కాపాడిందని ఊరి నమ్మకం. 2021లో ఇటలీ ప్రభుత్వ టీవీ పెట్టే పోటీలో ఆ దేశపు అత్యంత అందమైన చిన్న ఊరుగా త్రొపేయాయే గెలిచింది. ఇంత అందం ఉన్నా ఊరి పేరు చెప్పగానే ఇటలీవాళ్లకు ముందు గుర్తొచ్చేది సముద్రం కాదు, ఉల్లిపాయ!

నిజానికి ఆ ఉల్లి ఈ ఊళ్లో పండేది తక్కువ. కొండ అంచున, ఇళ్ల మధ్యన పొలాలకు చోటెక్కడిది? చుట్టుపక్కల రికాది, కాపో వాతికానో, పర్గేలియా, బ్రియాతికో వైపు చేలల్లో, ఇంకా ఉత్తరాన అమంతేయా దాకా తీరం పొడవునా పండుతుంది. పేరు మాత్రం త్రొపేయాకు దక్కింది. సరుకు రవాణా ఇక్కడి నుంచి జరగడమే దానికి కారణమంటారు. గుంటూరు మిరపకాయలన్నీ గుంటూరు ఊళ్లోనే పండుతాయా ఏం!

ఘాటు లేకపోవడమే తీపి

ఈ ఉల్లిని కోస్తే కళ్లు మండవు. పచ్చిదే ముక్కలు చేసి, కాస్త ఆలివ్ నూనె, ఉప్పు వేసుకుని టమాటాలతో తినేస్తారు. ఆపిల్ కొరికినట్టు కొరికేవాళ్లూ ఉన్నారు. మరి అంత చక్కెర ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడే అందరూ పొరబడతారు. తియ్య ఉల్లిలో చక్కెర ఎక్కువేం ఉండదు. ఘాటు ఉల్లిలోనూ దాదాపు అంతే ఉంటుంది, కొన్నిసార్లు ఎక్కువే ఉంటుంది. తేడా అంతా గంధకంతో వస్తుంది. ఉల్లిమొక్క నేలలోంచి గంధకాన్ని పీల్చుకుని గడ్డలో దాచుకుంటుంది. కత్తి దిగగానే లోపల విడివిడిగా ఉన్న పదార్థాలు కలిసిపోయి కన్నీళ్లు తెప్పించే వాయువు పుడుతుంది. ఈ పని చేసే ప్రత్యేకమైన ఎంజైమ్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టారు. 2013లో వారికి 'ఇగ్ నోబెల్' ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. త్రొపేయా తీరంలో ఆ రకం విత్తనం, తేలికపాటి నేల, సముద్రం పక్కన మరీ చలి పడని శీతాకాలం... అన్నీ కలిసి ఘాటును తగ్గిస్తాయి. ఘాటు అడ్డు తొలగితే, ఉన్న తీపే నాలుకకు పూర్తిగా అందుతుంది.

శీతాకాలంలో నారు నాటుతారు. కాడలతో సహా తినే లేత ఉల్లి ముందు వస్తుంది. వసంతం నుంచి పచ్చిగా తినే గడ్డలు, ఆ తర్వాత వేసవిలో జడలల్లే గడ్డలు. ఫినీషియన్ వర్తకులు ఓడల్లో ఈ ఉల్లిని ఇక్కడికి తెచ్చారని చెబుతారు. 2008లో ఐరోపా సమాఖ్య దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన బందరు లడ్డుకో, తిరుపతి లడ్డుకో ఇచ్చిన జీఐ లాంటిదే. అప్పటి నుంచి నిర్ణయించిన ఊళ్లలో, నిర్ణయించిన పద్ధతిలో పండిన ఉల్లికే ఆ పేరు చెల్లుతుంది. అయినా ఎక్కడో పండిన ఎర్ర ఉల్లిని 'త్రొపేయా' అని అరిచి అమ్మేవాళ్లు ఇటలీ సంతల్లో తగ్గలేదు. పేరున్నచోట దొంగపేరూ తప్పదు.

ఆగని ఉల్లిని ఆపడానికి

ఈ తీపికో లోపం ఉంది. ఉల్లిని కుళ్లకుండా కాపాడే గుణాల్లో ఆ ఘాటుదీ ఒక భాగం. ఘాటు తక్కువ, నీరు ఎక్కువ ఉన్న గడ్డ ఎక్కువకాలం నిలవదు. జడ కట్టి గాలి తగిలేచోట వేలాడదీస్తే కొన్నాళ్లు ఆగుతుంది. చీలిన గడ్డలు, జడకు పనికిరాని చిన్నవి, కాడ విరిగినవి? అవి వారాలు కూడా ఆగవు. ఒకేసారి ఊరంతా పంట తీస్తే ధర ఎలా ఉంటుందో చెప్పాల్సిన పనిలేదు. చీలినవాటిని అడిగేవాడే ఉండడు.

జామ్ పుట్టింది అక్కడే. దక్షిణ ఇటలీ వంటలో తీపి, పులుపు కలిపే పద్ధతి పాతదే. 'ఆగ్రోదోల్చే' అంటారు. ఉల్లిపాయలను వెనిగర్‌లో, చక్కెరలో మగ్గబెట్టి కూరలా తినేవాళ్లు. చక్కెర ఖరీదైన రోజుల్లో దక్షిణాదిన ద్రాక్షరసాన్ని చిక్కగా మరిగించిన పాకం వాడేవాళ్లు. ఇది వినగానే మన ఉల్లిపాయల పులుసు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యమే. సాంబారు ఉల్లిపాయలు, చింతపండు, బెల్లం ముక్క... అదే లెక్క కాదూ? వాళ్లు దాన్ని ఇంకాస్త దగ్గరపడనిచ్చి సీసాకెక్కించారు. సీసాలకు రంగురంగుల లేబుళ్లు, గుడ్డ మూతలు వచ్చింది మాత్రం పర్యాటకులు పెరిగాకే.

ఇంట్లో చేసే తీరు చూస్తే ఓపికే అసలు సరుకు అనిపిస్తుంది. కిలో ఉల్లిపాయలు తొక్క తీసి, నిలువుగా సన్నని చీలికలు కోస్తారు. ముక్కలు కాదు, చీలికలే. ముక్కలైతే ఉడికి ముద్దయిపోతాయి, చీలికలైతే ఆఖరున దారాల్లా కనబడతాయి. వెడల్పాటి మందపు గిన్నెలో ఉల్లి, పావుకిలో నుంచి మూడొందల గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక బిర్యానీ ఆకు వేసి కలిపి గంటో రెండు గంటలో పక్కన పెడతారు. కొందరు రాత్రంతా ఉంచేస్తారు. చక్కెర ఉల్లిలోని నీటిని బయటికి లాగుతుంది. మామిడికాయ ముక్కల్లో ఉప్పు వేస్తే ఊట వచ్చినట్టే. చుక్క నీళ్లు పోయకుండా ఆ ఊటలోనే ఉడికించాలన్నమాట.

తర్వాత పొయ్యి మీదకు. మొదటి పావుగంట మూత పెట్టి, ఉల్లి మెత్తబడ్డాక మూత తీసి, వెనిగర్ పోసి సన్నసెగ మీద వదిలేస్తారు. కిలోకు నూటయాభై నుంచి రెండొందల మిల్లీలీటర్ల వెనిగర్. ఇంట్లో వైన్ ఉంటే ఒక గ్లాసు అదీ పడుతుంది. మొదట్లో వెనిగర్ వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. భయపడి తగ్గించకూడదు. అరగంటకు ఆ వాసన దిగిపోయి, వంటిల్లంతా కాస్త పాకం వాసన, కాస్త వేయించిన ఉల్లి వాసన కలిసిపోతాయి. ఉల్లిలో ఉండే పొడవాటి చక్కెర గొలుసులు నెమ్మదిగా విడిపోయి తియ్యనవుతాయి. అందుకే తొందరపడి మంట పెంచితే తీపి రాకముందే అడుగంటుతుంది. గంట, గంటంబావు పడుతుంది. గరిటెతో గిన్నె అడుగున ఒక గీత గీస్తే రెండు క్షణాల పాటు ఆ దారి మూసుకోకుండా ఉండాలి. అప్పుడు దించాలి. కిలో ఉల్లికి చివరికి మిగిలేది ఇంచుమించు సగం.

వెనిగర్ సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది రుచి కోసం మాత్రమే కాదు. ఎర్ర ఉల్లి రంగు పులుపు ఉంటేనే ఎర్రగా నిలుస్తుంది. పులుపు తగ్గితే నీలంగా, మట్టి రంగుగా మారిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. స్ట్రాబెర్రీ, నిమ్మ, ఉసిరి లాంటివాటిలో సహజంగానే పులుపు ఉంటుంది, ఉల్లిలో ఉండదు. పులుపు లేని కూరగాయను నూనెలోనో పాకంలోనో ముంచి, గాలి చొరని సీసాలో బిగించి, గది వేడిలో నెలల తరబడి ఉంచితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదముంది. దానికి వాసన రాదు, రంగు మారదు, మూత ఉబ్బకపోవచ్చు కూడా. పులుపు కొలత, అంటే పీహెచ్, 4.6 కంటే తక్కువ ఉంటే ఆ క్రిమి పెరగదు. ఇళ్లలో చేసే నిలవ సరుకులతో బోట్యులిజం రావడం ఇటలీకి తెలిసిన బెడదే. ఆ దేశపు ఆరోగ్యశాఖ వాళ్లు ఇంట్లో నిలవ పచ్చళ్లు పెట్టేవారి కోసం ప్రత్యేకంగా జాగ్రత్తల పుస్తకమే వేశారు. దుకాణాల్లో అమ్మే సీసాలు పులుపు కొలిచి, వేడినీళ్లలో మరిగించి మూతలేసినవి. ఇంట్లో కొలిచే సాధనం లేనప్పుడు ఫ్రిజ్ ఒక్కటే దారి. 'మా అమ్మమ్మ ఎప్పుడూ అలమరలోనే పెట్టేది' అనే మాట అక్కడా వినబడుతుంది, ఇక్కడా వినబడుతుంది. అమ్మమ్మలకు అదృష్టం కలిసొచ్చిందంతే!

చట్టం ఒప్పుకోని జామ్

త్రొపేయా దుకాణాల్లో సీసాను ఇటు తిప్పి చూస్తే ఇంకో సరదా. అమ్మేవాళ్లు నోటితో 'మార్మెల్లాతా' అంటారు. లేబుల్ మీద మాత్రం ఎక్కువగా 'కొంపోస్తా' అని ఉంటుంది. మన చెవికి పొలంలో వేసే ఎరువులా వినబడే మాట. పాపం, వాళ్ల భాషలో దానికి పాకంలో ఉడికించినది అని అర్థం.

ఎందుకీ రెండు పేర్లంటే... ఐరోపా చట్టం. 2001 నాటి నిబంధన ప్రకారం మార్మలేడ్ అని రాయాలంటే అది నారింజ, నిమ్మ జాతి పండుదై ఉండాల్సి వచ్చేది. జామ్ అని రాయాలంటే పండుదై ఉండాలి. మరి పండు అంటే ఏమిటి? 2001లో వచ్చిన ఆ ఆదేశంలో టమాటా, క్యారెట్, చిలగడదుంప, కీరా, గుమ్మడి కూడా పండ్లుగానే లెక్క! పోర్చుగల్‌లో క్యారెట్ జామ్ చేసే అలవాటుంది కాబట్టి క్యారెట్ పండయింది. ఉల్లిపాయకు ఆ అదృష్టం పట్టలేదు. చట్టం దృష్టిలో అది కూరగాయే, దాని జామ్ జామే కాదు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ పట్టదు. నోటికి మార్మెల్లాతా, కాగితానికి కొంపోస్తా.

గొర్రె జున్ను పక్కన

చేయడం ఎంత ముఖ్యమో వడ్డించడమూ అంతే. కొత్తగా వెళ్లినవాళ్లు మందంగా రొట్టెకు పూసేసి, అబ్బ ఇంత తీపా అని పక్కన పెట్టేస్తారు. ఇది పూసుకునే జామ్ కాదు, నంజుకునే జామ్. పళ్లెం అంచున అరచెంచా చాలు. మనం పెరుగన్నంలోకి మాగాయ టెంక పెట్టుకున్నట్టు.

దానికి జోడీ ఊరి వెనకే ఉంది. త్రొపేయా నుంచి కొండెక్కితే మోంతె పోరో అనే పీఠభూమి వస్తుంది. గొర్రెలు మేసే ప్రదేశం. అక్కడి గొర్రెపాల జున్ను, 'పెకొరీనో దెల్ మోంతె పోరో'కు 2020లో ఐరోపా గుర్తింపు దక్కింది. నెలల తరబడి మాగిన జున్ను ఉప్పగా, కాస్త కారంగా, పంటి కింద పొడిపొడిగా ఉంటుంది. దాన్ని పల్చటి త్రికోణాలుగా కోసి, ఒక్కోదాని మీద శనగగింజంత జామ్ పెడతారు. ఉప్పు, తీపి, పులుపు... మూడూ ఒకేసారి తగులుతాయి. జున్ను ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాలి, జామ్ కూడా చల్లగా ఉండకూడదు. చల్లగా ఉంటే ఉల్లి వాసన తెలియదు.

అదే పీఠభూమి మీద స్పిలింగా అనే పల్లె 'న్దూయా'కు పేరుపొందింది. పంది మాంసంలో ఎర్రమిరప దండిగా దంచి చేసే మెత్తటి ముద్ద అది. రొట్టె మీద వెన్నలా పూస్తారు. ఇటలీ మొత్తంలో కారం బాగా తినేది కలాబ్రియావాళ్లే. మన గుంటూరు, పల్నాడు మనుషులు అక్కడికెళ్తే ఇబ్బందిపడరు. ఆ కారానికి విరుగుడుగా ఉల్లి జామ్ చుక్క. మాంసం తిననివాళ్లకు తాజా రికోత్తా ఉంది, మన విరుగుడు పాలలాంటి మెత్తని జున్ను. కాల్చిన రొట్టె ముక్క మీద రికోత్తా, దాని మీద జామ్, పైన మిరియాల పొడి. కాల్చిన మాంసం పక్కన, ట్యూనా చేప పక్కన కూడా పెడతారు. సాయంత్రం భోజనానికి ముందు నలుగురు కూర్చుని మాట్లాడుకుంటూ తినే చిరుతిండ్ల పళ్లెంలో ఇది లేకపోతే అతిథికి మర్యాద జరగనట్టే.

ఈ సీసాలు ఊళ్లోనే ఉండిపోవు. కలాబ్రియాలో ఉద్యోగాలు తక్కువ. తరాలుగా కుర్రకారు మిలాన్‌కో, తూరిన్‌కో, జర్మనీకో, అమెరికాకో వెళ్లిపోతూనే ఉన్నారు. వెనక మిగిలిన తల్లులు నెలకో రెండు నెలలకో ఒక అట్టపెట్టె కట్టి పంపుతారు. దానికి 'పాక్కో ద జ్యూ' అని ముద్దుపేరు. 'కింది నుంచి వచ్చిన పార్శిల్' అని అర్థం. దక్షిణం మ్యాపులో కిందే కదా! అందులో ఆలివ్ నూనె, ఎండు సాసేజీలు, న్దూయా, పాత పత్రికల్లో చుట్టిన ఉల్లి జామ్ సీసాలు. డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లే కొడుకు సూట్‌కేసులో ఆవకాయ డబ్బాకు మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టే అమ్మకు ఈ పార్శిల్ గురించి విడమర్చి చెప్పక్కర్లేదు.

కర్నూలు యార్డులో

త్రొపేయాను చూశాక కర్నూలు గుర్తురాకుండా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉల్లికి పెద్ద మార్కెట్ అదే. అక్కడి ఖరీఫ్ ఉల్లికీ ఇదే జబ్బు, నిలవదు. వానల్లో పెరిగి, వానల్లోనే పీకే పంట. గడ్డలో నీరెక్కువ. మహారాష్ట్ర రబీ ఉల్లి గాలి తగిలే కొట్టాల్లో నాలుగైదు నెలలు ఆగగలదు. కర్నూలు ఉల్లికి ఆ ఓపిక లేదు. రైతు ధర కోసం వేచి చూస్తే గోతాంలోనే మొలకలొస్తాయి, లేదా కుళ్లి నీరు కారుతుంది.

2019 డిసెంబరులో కిలో ఉల్లి వంద రూపాయలు దాటింది. రైతుబజార్లలో రాయితీ మీద కిలో 25 రూపాయలకు ఇస్తుంటే జనం తెల్లవారుజామునే బారులు తీరారు. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలలకు కథ తిరగబడింది. కర్నూలులో ధర ఎంతగా పడిపోయిందంటే ప్రభుత్వం క్వింటాలుకు 1,200 రూపాయలిచ్చి కొంటామని ముందుకు రావాల్సొచ్చింది. ఆ తర్వాత హెక్టారుకు 50 వేల రూపాయల సాయం ప్రకటించింది. కిలో పన్నెండు రూపాయలు మద్దతు! అందులోంచే నారు, మందులు, కోత కూలి, గోతాలు, లారీ కిరాయి.

సీసాలకెత్తితే ఈ కష్టం తీరుతుందా? తీరదు. లారీల లెక్కన వచ్చే పంటను చెంచాతో నంజుకునే జామ్‌గా మార్చడం అయ్యే పని కాదు. త్రొపేయాలోనూ జామ్‌కు వెళ్లేది చీలిన, చిన్న గడ్డలే. పంటను మోసేది తాజా ఉల్లి, దాని పేరు. గుజరాత్‌లోని మహువాలో ఉల్లిని ఎండబెట్టి రేకులుగా, పొడిగా మార్చే కర్మాగారాలున్నాయి. పెద్ద పంటకు అలాంటివే ఆధారం. కాకపోతే ఒక తేడా మాత్రం కళ్లకు కొడుతుంది. త్రొపేయా జామ్ సీసా మీద ఊరి పేరు ఉంటుంది. కొన్నవాడు ఆ పేరుకు కూడా డబ్బిస్తాడు. కర్నూలు ఉల్లి యార్డు గేటు దాటగానే పేరు పోగొట్టుకుని ఉత్త ఉల్లిపాయ అయిపోతుంది. కడప జిల్లాలో పండే చిన్న కృష్ణాపురం ఉల్లి ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతి అవుతుంది, మన వంటిళ్లలో మాత్రం ఆ పేరు చాలామందికి తెలియదు.

మన పొయ్యి మీద

ధర తగ్గిన రోజుల్లో రెండు కిలోలు ఎక్కువ తెచ్చుకుని ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. మన ఎర్ర ఉల్లికి ఘాటెక్కువ. కాబట్టి మగ్గే సమయం ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు పెంచాలి. వేడికి ఘాటు పోతుంది, తీపి మిగులుతుంది. చక్కెర సగం తగ్గించి ఆ మేరకు బెల్లం వేస్తే రంగు ముదురుతుంది, రుచికి కాస్త లోతు వస్తుంది. కలాబ్రియావాళ్లు ఒప్పుకోరేమోగానీ మన నాలుకకు బాగుంటుంది. వెనిగర్ సీసా మీద ఆమ్లం 4 శాతమా, 5 శాతమా చూసుకుని 5 శాతం ఉన్నదే తీసుకోండి. దాని బదులు చింతపండు పులుసు పోస్తే రుచికి లోటేం లేదు, కానీ పులుపు ఎంతుందో తేల్చలేం. అది పులుసులాగే రెండు మూడు రోజుల్లో తినేయాలి. వెనిగర్ వేసినదైనా, వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన చిన్న సీసాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లో ముగించండి. తడి చెంచా పెట్టొద్దని ఆవకాయ తినే ఇంట్లో చెప్పనవసరం లేదు.

చేసిన రోజు కంటే నాలుగైదు రోజులకు బాగుంటుంది. వెనిగర్ పదును తగ్గి ఉల్లితో కలిసిపోతుంది. పెసరట్టులోకి అల్లం పచ్చడి ఉండగా ఇంకోటి ఎందుకని పెద్దవాళ్లు సణగొచ్చు. వేడి జొన్నరొట్టెకు, గట్టి పెరుగు వడగట్టి చేసిన మీగడలాంటి ముద్దకు, కాల్చిన పనీర్ ముక్కకు మాత్రం మారుమాట్లాడకుండా ఒప్పుకుంటారు.

సీసాలు నింపాక గిన్నె అడుగున జిగటగా కాస్త మిగులుతుంది. త్రొపేయా ఇళ్లలో దాన్ని కడిగెయ్యరు. రొట్టె ముక్కతో గిన్నె చుట్టూ తుడిచి నోట్లో వేసుకుంటారు. ఆ అలవాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు 'స్కార్పెత్తా', అంటే బుల్లి చెప్పు. గిన్నె మీద రొట్టెను చెప్పులా ఈడుస్తారు కాబట్టి కాబోలు. మన దగ్గర కొత్తావకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెడతారే, వరసలో నిల్చునే పిల్లలు అక్కడా అంతే గోల చేస్తారు.